ఏ పద్దు కింద కోశారు? జీతంలో కోత, దక్కని విరామం: చట్టం లెక్క

క్లుప్తంగా: సంపాదించిన వేతనం నుంచి యజమాని డబ్బు మినహాయించుకోవడానికి చట్టం కొన్ని పద్దులను మాత్రమే ఒప్పుకుంటుంది. ఆ పద్దుల్లో ఇమడని కోత చెల్లదు. జీతం రేటునే తగ్గించాలంటే దారి వేరు. కార్మికులకు 21 రోజుల నోటీసు ఇవ్వాలి, ఎంత తగ్గించినా కనీస వేతనం కిందికి దిగకూడదు. భోజన విరామం దక్కకపోతే దానికంటూ ప్రత్యేక పరిహారం మన చట్టంలో లేదు. పని చేసిన ఆ అరగంట పనిగంటల్లో కలుస్తుంది, పరిమితి దాటితే రెట్టింపు రేటుకు ఓటీ (ఓవర్‌టైమ్, అంటే అదనపు పని) అవుతుంది. క్లెయిము వేయడానికి గడువు మూడేళ్లు.

చట్టం పేరు మారింది, పద్దులు చాలావరకు పాతవే

2025 నవంబర్ 21న నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాక జీతాల విషయంలో గందరగోళం పెరిగింది. 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం, 1948 నాటి కనీస వేతనాల చట్టం పోయి వేతనాల కోడ్ 2019 వచ్చింది. అయితే కోతల విషయంలో పాత చట్టంలోని అసలు సూత్రాలే కొత్త కోడ్‌లోకి వచ్చాయి. సెక్షన్ 18 నుంచి 24 వరకు చదివితే పాత చట్టం తెలిసినవారికి కొత్తగా అనిపించేది కొంచెమే.

అసలు మార్పు ఎవరికి వర్తిస్తుందన్న దగ్గర ఉంది. పాత చట్టం నెలకు రూ.24,000 దాకా వేతనం ఉన్నవారినే కాపాడేది. 2017 ఆగస్టులో పెంచిన పరిమితి అది. అంతకు మించి జీతం ఉన్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, బ్రాంచి మేనేజరు కోతను ప్రశ్నించాలంటే ఒప్పందాన్ని పట్టుకుని సివిల్ కోర్టుకు వెళ్లాల్సి వచ్చేది. కొత్త కోడ్‌లో ఆ పరిమితి లేదు. మేనేజర్లు, సూపర్‌వైజర్లు కూడా ‘ఉద్యోగి’ నిర్వచనంలోకి వస్తారు. అప్రెంటిస్ చట్టం కింద ఉన్నవారు రారు. ప్రభుత్వం విడిగా నోటిఫై చేస్తే తప్ప ప్రభుత్వ సంస్థలకు ఈ అధ్యాయం వర్తించదు, అక్కడ సర్వీసు నిబంధనలే ఆధారం. యాప్‌ల మీద డెలివరీ చేసేవారిని సామాజిక భద్రతా కోడ్ గుర్తించింది గానీ, వేతనాల కోడ్ దృష్టిలో వారు ఉద్యోగులు కారు. ఆర్డరు రద్దయిందని వారి ఆదాయంలో కోస్తే, కోతకు వీలున్న పద్దులు చెప్పే సెక్షన్ 18 అక్కరకు రాదు.

పని గంటలు, విరామాల సంగతి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 2020 కిందికి వెళ్లింది. ఆ కోడ్ రోజుకు ఎనిమిది గంటలని తానే చెప్పి, విరామం ఎంత, ఎప్పుడు అన్నది ప్రభుత్వ నోటిఫికేషన్లకు వదిలేసింది. కోడ్‌తో పొసగని మేరకు తప్ప పాత నియమాలు, నోటిఫికేషన్లు కొనసాగుతాయి. దాంతో విరామాల మీద ఒకే చోట ఒకే జవాబు దొరకదు.

లేటు మార్కుల గణితం

ఎక్కువగా కనిపించే కోత ఇదే: మూడుసార్లు ఆలస్యమైతే సగం రోజు జీతం పోతుంది. దీన్ని నమూనాగా తీసుకుంటే మిగతా కోతలన్నీ అర్థమవుతాయి.

బేసిక్, డీఏ కలిపి నెలకు రూ.15,600 ఉన్న ఉద్యోగిని తీసుకుందాం. 26 రోజుల లెక్కన రోజుకు రూ.600, ఎనిమిది గంటల లెక్కన గంటకు రూ.75. పది నిమిషాల చొప్పున మూడుసార్లు ఆలస్యమైతే మొత్తం అరగంట. హాజరు కాని కాలానికి కోత ఆ కాలం నిష్పత్తిని మించకూడదని సెక్షన్ 20 చెబుతోంది. అంటే కోయగలిగింది రూ.37.50. సగం రోజు పేరుతో కోసింది రూ.300. మిగిలిన రూ.262.50 ఏ పద్దు?

అది గైర్హాజరు కోత కాదు. ఆలస్యానికి వేసిన శిక్ష, అంటే జరిమానా. జరిమానా అనగానే సెక్షన్ 19 వచ్చి కూర్చుంటుంది. ఏ తప్పులకు జరిమానా వేస్తారో ప్రభుత్వ అనుమతితో ముందే నోటీసు పెట్టి ఉండాలి. ఉద్యోగికి సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. ఆ వేతన కాలంలో మొత్తం జరిమానాలు వేతనంలో 3 శాతం దాటకూడదు. వాయిదాల్లో వసూలు చేయకూడదు, తప్పు జరిగిన 90 రోజుల తర్వాత అసలే చేయకూడదు. రిజిస్టరులో రాయాలి. వసూలైన సొమ్ము సంస్థ ఖర్చులకు వాడరాదు, ఉద్యోగుల మేలుకే వెచ్చించాలి.

మన ఉదాహరణలో 3 శాతం అంటే రూ.468. రూ.262.50 ఆ లోపే ఉంది. అయినా కోత చెల్లదు, ఎందుకంటే హాజరు సాఫ్ట్‌వేర్ దానంతట అది కోసేసినప్పుడు నోటీసూ లేదు, సంజాయిషీ లేదు, రిజిస్టరూ లేదు. చాలా సంస్థలు పొరబడేది ఇక్కడే. మొత్తం చిన్నదే కదా అనుకుంటాయి. చట్టం మాత్రం పద్ధతి కూడా అడుగుతుంది. హెచ్‌ఆర్ పాలసీలో రాసి ఉందన్న సమాధానం సరిపోదు. చట్టం ఇచ్చిన హక్కును వదులుకునే ఒప్పందం ఆ మేరకు చెల్లదని సెక్షన్ 60 చెబుతోంది.

ఈ నిష్పత్తి సూత్రానికి ఒక మినహాయింపు ఉంది. పది మంది లేదా అంతకంటే ఎక్కువ మంది కూడబలుక్కుని, నోటీసు లేకుండా, తగిన కారణం లేకుండా పని మానేస్తే ఎనిమిది రోజుల వేతనం దాకా కోయవచ్చు. మెరుపు సమ్మెలకు దిగేముందు యూనియన్లు తూచుకునే నిబంధన ఇది.

కౌంటరులో తేడా, పగిలిన సామాను

క్యాష్ కౌంటరులో డబ్బు తక్కువ వస్తుంది, గోదాములో సరుకు పాడవుతుంది, షోరూంలో చీర మాయమవుతుంది. ఆ నష్టాన్ని షిఫ్టులో ఉన్న అందరి జీతాల్లోంచి సమానంగా పంచి కోయడం మామూలే. సెక్షన్ 18, 21 ప్రకారం దీనికి మూడు పరీక్షలున్నాయి. ఆ వస్తువు లేదా డబ్బు ఆ వ్యక్తికి ప్రత్యేకంగా అప్పగించి ఉండాలి. నష్టం అతని నిర్లక్ష్యం వల్ల నేరుగా జరిగి ఉండాలి. సంజాయిషీ విన్న తర్వాతే, అసలు నష్టానికి మించకుండా కోయాలి. ‘తలా ఇంత’ అనే పద్ధతి మొదటి రెండింటిలోనే తేలిపోతుంది. ఎవరి తప్పో తెలియదు కాబట్టే అందరికీ పంచారు. ఎవరి తప్పో తెలియకపోతే ఎవరి నుంచీ కోయడానికి లేదు.

పనిముట్ల ఖర్చు కూడా ఇలాంటిదే. యజమాని కల్పించే సదుపాయాలు, సేవలకు మినహాయింపు చేసుకోవచ్చు గానీ, ఉద్యోగానికి కావలసిన పనిముట్లు, ముడిసరుకు వాటి కిందికి రావు. పీఎఫ్‌లో యజమాని వాటా కూడా జీతం నుంచి కోయకూడదు. సీటీసీ (ఉద్యోగి మీద సంస్థ పెట్టే మొత్తం ఖర్చు) పట్టికలో ఆ వాటాను ముందే చేర్చి చూపించడం వేరే కథ. అది కోతగా కాకుండా తక్కువ జీతపు ఆఫరుగా కనిపిస్తుంది, అందుకే చట్టం చేతికి చిక్కదు. పీఎఫ్ కట్టాల్సి వస్తోందన్న కారణంతోనే ఉన్న జీతాన్ని తగ్గించడం మాత్రం 1952 నాటి పీఎఫ్ చట్టం నాటి నుంచీ నిషేధమే.

సరైన పద్దులే అయినా అన్నీ కలిపి వేతనంలో 50 శాతం దాటకూడదు. పాత చట్టంలో సహకార సంఘం అప్పు ఉంటే 75 శాతం దాకా వీలుండేది. కొత్త కోడ్ అందరికీ 50 దగ్గరే ఆపింది.

ఇక్కడ ‘వేతనం’ అంటే ఏమిటన్నది తేల్చుకోవాలి. ఇంటి అద్దె, ప్రయాణం వంటి అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే, దాటిన భాగం వేతనంలో కలుస్తుంది. మొత్తం రూ.24,000లో బేసిక్, డీఏ రూ.9,000, అలవెన్సులు రూ.15,000 అనుకుందాం. సగం రూ.12,000. దాటిన రూ.3,000 తిరిగి కలిసి వేతనం రూ.12,000 అవుతుంది. ఓటీ రేటుకైనా, 3 శాతం జరిమానాకైనా ఈ సంఖ్యే పునాది. పే స్లిప్పులో బేసిక్ చూసి లెక్క కట్టినవారు తమకు రావాల్సింది తక్కువగా వేసుకుంటున్నట్టే.

రేటే తగ్గిస్తే

పైన చెప్పినవన్నీ సంపాదించిన జీతంలో కోతలు. వచ్చే నెల నుంచి నీ జీతమే ఇంత అని చెప్పడం వేరు. దానికి సెక్షన్ 18 కాకుండా పారిశ్రామిక సంబంధాల కోడ్ 2020లోని సెక్షన్ 40 వర్తిస్తుంది. మూడో షెడ్యూలులోని సేవా నిబంధనల్లో కార్మికుడికి నష్టం కలిగేలా దేన్ని మార్చాలన్నా నోటీసు ఇచ్చి 21 రోజులు ఆగాలి. ఆ షెడ్యూలులో వేతనాలు మొదటి అంశం, అలవెన్సులు మూడోది, పని గంటలు, విశ్రాంతి విరామాలు నాలుగోది. భోజన విరామాన్ని గంట నుంచి అరగంటకు కుదించడం కూడా జీతం తగ్గింపుతో సమానంగా నోటీసు అవసరమైన మార్పేనన్న సంగతి చాలామంది గమనించరు.

నోటీసు ఇచ్చినంత మాత్రాన తగ్గింపు న్యాయమైపోదు. వివాదం లేవనెత్తడానికి, రాజీ అధికారి ముందుకు తీసుకెళ్లడానికి దొరికే వ్యవధి ఆ 21 రోజులు. ఈ రక్షణ ‘కార్మికుడు’ అనే నిర్వచనంలోకి వచ్చేవారికే. మేనేజర్లు రారు. నెలకు రూ.18,000 దాటిన సూపర్‌వైజర్లూ రారు. వారికి నియామక పత్రమే దిక్కు. ఒప్పందంలోని జీతాన్ని ఒక పక్షమే మార్చలేదు గానీ, తగ్గిన జీతం ఆర్నెల్లు మాట్లాడకుండా తీసుకుంటే ఆ మౌనాన్నే అంగీకారంగా వాదిస్తారు. తగ్గిన మొదటి నెలలోనే ‘నేను ఒప్పుకోలేదు, బకాయి మీద నా హక్కు ఉంచుకుంటున్నాను’ అని ఒక్క మెయిల్ పంపితే ఆ వాదనకు బలం తగ్గుతుంది.

క్రమశిక్షణ చర్యగా ఇంక్రిమెంటు ఆపడం, కింది పోస్టుకు దించడం, సస్పెన్షన్ వల్ల తగ్గే జీతాన్ని చట్టం కోతగా చూడదు, దానికి తగిన నిబంధనలు ఉండి వాటి ప్రకారం చేస్తే. అక్కడ పోరాటం విచారణ సరిగా జరిగిందా లేదా అన్నదాని మీద.

వాయిదా కూడా కోతలాంటిదే అయినా కోత కాదు. 2020లో కరోనా సమయాన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మార్చి, ఏప్రిల్ జీతాలు, పింఛన్లలో కొంత భాగాన్ని వాయిదా వేసింది. హైకోర్టు 12 శాతం వడ్డీతో ఇవ్వమంది. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు దాన్ని 6 శాతానికి తగ్గించినా, వడ్డీ ఇవ్వక తప్పదని తేల్చింది. ప్రైవేటు సంస్థల్లో నెల జీతం మరుసటి నెల ఏడో తేదీ లోపు చేతికి రావాలి. ఉద్యోగం మానేసినా, తీసేసినా రెండు పనిదినాల్లో లెక్క తేల్చాలి. ‘ఫైనల్ సెటిల్‌మెంట్‌కు 45 రోజులు’ అని హెచ్‌ఆర్‌లు చెప్పే మాటకు వేతనాల విషయంలో చట్టంలో చోటు లేదు.

ఆ అరగంట ఎవరిది?

ఫ్యాక్టరీల చట్టం 1948 నుంచి వచ్చిన పాత సూత్రం: ఐదు గంటలు పని చేసేలోపు కనీసం అరగంట విశ్రాంతి ఉండాలి. మినహాయింపు ఇస్తే ఆరు గంటలు. తెలుగు రాష్ట్రాలు ఆ మినహాయింపు దిశగానే కదిలాయి. తెలంగాణ 2025 జూలై 5న ఇచ్చిన జీవో 282 వాణిజ్య సంస్థల్లో, దుకాణాలు మినహా, రోజుకు పది గంటల దాకా పనికి వీలిచ్చింది. వారానికి 48 గంటలు దాటితే ఓటీ. ఆరు గంటలకు మించి పని చేయించాలంటే మధ్యలో అరగంట విరామం తప్పనిసరి. విరామంతో కలిపి పని వ్యవధి 12 గంటలు మించకూడదు. ఆంధ్రప్రదేశ్ కూడా అదే ఏడాది ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి రోజువారీ పరిమితిని పది గంటలకు, విరామం లేని పనిని ఆరు గంటలకు పెంచింది. చంటిబిడ్డల తల్లులకు ఈ విరామానికి అదనంగా, బిడ్డకు 15 నెలలు వచ్చేవరకు రోజుకు రెండుసార్లు పాలిచ్చే విరామాలు ఉన్నాయి.

విరామం కాగితం మీద ఉండి మనిషికి దక్కకపోవడమే ఇక్కడి అసలు సమస్య. గేటు దగ్గర ఒంటరి సెక్యూరిటీ గార్డు టిఫిన్ డబ్బా తెరిచినా గేటు వదలలేడు. కౌంటరులో మనిషి తింటూ బిల్లు కొడతాడు. నర్సు డ్యూటీ రూములో ఉన్నా బెల్ మోగితే లేవాలి. యజమాని అవసరానికి కట్టుబడి ఉన్న సమయం విశ్రాంతి కాదన్న వాదనకు ఇవన్నీ బలమైన ఉదాహరణలు. పంచ్ మిషన్ సాఫ్ట్‌వేర్ మాత్రం విరామం తీసుకున్నారా లేదా అని చూడదు. రోజూ అరగంటో గంటో దానంతట అదే తీసేస్తుంది.

దీని డబ్బు లెక్క షిఫ్టును బట్టి మారుతుంది. ఎనిమిదిన్నర గంటల షిఫ్టులో అరగంట విరామం పోగా ఎనిమిది గంటల పని ఉందనుకుందాం. విరామంలోనూ పని చేయిస్తే ఎనిమిదిన్నర గంటలు పని చేసినట్టు. ఆ అరగంటకు రెట్టింపు రేటు. పైన చెప్పిన ఉద్యోగికి గంటకు రూ.150 చొప్పున రోజుకు రూ.75, నెలకు 26 రోజులకు రూ.1,950, ఏడాదికి రూ.23,400. మూడేళ్లకు రూ.70,200. లేటు మార్కుల కోత కంటే ఇది ఎన్నో రెట్లు పెద్దది. పే స్లిప్పులో మాత్రం ఎక్కడా కనిపించదు. కోత అని రాసి ఉండదు కాబట్టి కోత జరిగిందనే అనిపించదు.

షిఫ్టు విరామంతో కలిపి ఎనిమిది గంటలే అయితే కథ మారుతుంది. విరామం పోయినా పని ఎనిమిది దాటలేదు, ఓటీ రాదు. మిషన్ ఏడున్నర గంటలకే జీతం కట్టి ఉంటే ఆ అరగంటకు మామూలు రేటున రూ.37.50 బకాయి. నెల జీతం మొత్తం ఇచ్చి ఉంటే డబ్బు క్లెయిము లేదు. మిగిలేది విరామం ఇవ్వలేదన్న ఉల్లంఘన, దాని మీద ఇన్‌స్పెక్టరుకు ఫిర్యాదు. పది గంటల పనిదినానికి వీలిచ్చిన చోట వారపు 48 గంటల లెక్క కూడా చూడాలి. అక్కడ ఎనిమిదిన్నర గంటల పని దానంతట అదే ఓటీ కాకపోవచ్చు, ఆరు రోజులకు 51 గంటలైనప్పుడు ఆ మూడు గంటలు ఓటీ.

అమెరికాలోని కాలిఫోర్నియాలో భోజన విరామం ఇవ్వకపోతే ఆ రోజుకు ఒక గంట జీతం అదనంగా ఇవ్వాలి, మొత్తం పనిగంటలు ఎన్నైనా సరే. అమెరికా ఫెడరల్ చట్టం అసలు విరామమే తప్పనిసరి చేయలేదు గానీ, ఐదు నుంచి ఇరవై నిమిషాల చిన్న విరామాలకు జీతం ఇవ్వాల్సిందే అంటుంది. బ్రిటన్‌లో ఆరు గంటలు దాటిన పనికి ఇరవై నిమిషాలు. మన దగ్గర విరామానికి సొంత ధర లేదు. అందుకే పనిగంటలు పరిమితి దాటని చోట విరామాన్ని మింగేయడం యజమానికి దాదాపు ఉచితం.

రుజువు, కాగితాలు, గడువు

కోత క్లెయిములో రుజువు భారం యజమానిది. బకాయి చెల్లించానని నిరూపించాల్సింది తానేనని వేతనాల కోడ్ సెక్షన్ 59 చెబుతుంది. విరామం క్లెయిములో మాత్రం ఆ సమయంలో పని చేశామని ముందు చూపించుకోవాల్సింది ఉద్యోగే. బిల్లింగ్ మిషన్ సమయాలు, కాల్ లాగ్‌లు, లోడింగ్ చీటీలు, సూపర్‌వైజరు వాట్సాప్ మెసేజ్‌లు పనికొస్తాయి. సంస్థలో అతికించిన పనివేళల నోటీసును ఫోటో తీసుకోవాలి. ఒంటిగంట నుంచి ఒకటిన్నర దాకా విరామం అని అందులో ఉండి, అదే సమయంలో ఆ ఉద్యోగి పేరు మీద పది బిల్లులు ఉంటే వేరే సాక్ష్యం పెద్దగా అక్కర్లేదు. జ్ఞాపకం మీద ఆధారపడి ‘రోజూ విరామం ఇవ్వలేదు’ అని రాసిన ఫిర్యాదు కంటే, నెల రోజుల పాటు తేదీ, సమయం రాసుకున్న చిన్న నోట్‌బుక్ ఎక్కువ బరువు తూగుతుంది.

మొదటి మెట్టు హెచ్‌ఆర్‌కు రాతపూర్వక ప్రశ్న: ఈ మొత్తాన్ని ఏ సెక్షన్, ఏ పద్దు కింద కోశారు? పే స్లిప్పు ఇవ్వడం యజమాని బాధ్యత. ఇవ్వకపోతే అదే మొదట అడగాలి. ఇరవై మంది లేదా అంతకు మించి కార్మికులున్న సంస్థలో ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి, అది 30 రోజుల్లో తేల్చాలి. తర్వాత స్థానిక అసిస్టెంట్ లేబర్ ఆఫీసర్. బ్యాంకులు, రైల్వేలు, గనుల వంటి కేంద్ర పరిధి సంస్థలకు కేంద్ర చీఫ్ లేబర్ కమిషనర్ యంత్రాంగం, సమాధాన్ పోర్టల్ ఉన్నాయి. డబ్బు రాబట్టేది వేతనాల కోడ్ సెక్షన్ 45 కింద నోటిఫై అయిన అధికారి ముందు వేసే క్లెయిము. ఉద్యోగి గానీ, యూనియన్ గానీ వేయవచ్చు. బకాయితో పాటు దానికి పది రెట్ల దాకా పరిహారం విధించే అధికారం ఆయనకు ఉంది. మూడు నెలల్లో తేల్చే ప్రయత్నం చేయాలి. లాయరు ఖర్చుకు వెనకాడేవారు జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగవచ్చు. మహిళలకు, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. హెల్ప్‌లైన్ 15100.

తక్కువ జీతం ఇచ్చిన యజమానికి రూ.50,000 దాకా జరిమానా ఉంది. ఐదేళ్లలోపు మళ్లీ అదే తప్పు చేస్తే మూడు నెలల జైలు గానీ, లక్ష దాకా జరిమానా గానీ, రెండూ గానీ. అయితే మొదటిసారికి ఉన్నది జరిమానా మాత్రమే. కాబట్టి ప్రాసిక్యూషన్ భయం యజమానిని కదిలిస్తుందనుకోవడం అత్యాశ. పది రెట్ల పరిహారం అన్న మాటే చర్చల్లో ఎక్కువ పని చేసే అవకాశం ఉంది.

మూడేళ్ల గడువు ప్రతి నెల జీతానికీ విడిగా నడుస్తుంది. 2026 జూన్‌లో రావాల్సిన ఓటీ మీద క్లెయిము 2029 మధ్యలో గడువు దాటుతుంది, జూలైది ఆ మరుసటి నెల. ఆలస్యానికి తగిన కారణం చూపితే అధికారి స్వీకరించవచ్చు గానీ, అది ఆయన విచక్షణ.